కోడి లెక్కన మింగిన గోళీలు

మొన్నటి రిపోర్టులో నా క్రియాటినిన్ ఒకటి పాయింట్ నాలుగు. అంతకు ముందు నెల కూడా అంతే, దాని ముందు నెల కూడా అంతే. ఒక అంకె మూడుసార్లు ఒకేచోట నిలబడితే దాన్ని నమ్మడం నా అలవాటు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపాల్సిన చెత్త రక్తంలో ఎంత మిగిలిపోయిందో ఈ అంకె చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒకటికి అటూ ఇటూ ఉంటుంది. మే నెలలో నాది నాలుగు పాయింట్ ఎనిమిది దాకా పోయింది. ఎవరో చేసిన పని కాదది. నేను కాగితం మీద లెక్క కట్టి, ఆ లెక్క ప్రకారం తప్పకుండా మింగి, తెచ్చుకున్నది.

మేడ్చల్‌లో ఉంటాను. శామీర్‌పేట దారిలో ఒక కోళ్ళ దాణా మిల్లులో ఫార్ములా రాస్తాను. టన్ను దాణాలో మక్కలు ఎంత, సోయా ఎంత, తవుడు ఎంత, విటమిన్లు ఎన్ని గ్రాములు అనేది నా పని. పదో తరగతితో చదువు ఆగింది. ఈ లెక్కలు బస్తాల మీద అచ్చువేసిన అంకెలు చదివి, పాత ఫార్ములా కాగితాలు ముందేసుకుని, తప్పులు చేసి నేర్చుకున్నవి. మా మిల్లు దాణా తిన్న కోళ్ళు ఎండాకాలంలో కూడా గుడ్లు తగ్గించవని పేరు. ఆ పేరు నాకు తలకెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

దసరా నుంచి శివరాత్రి దాకా

మొదట కుడిచేతి వేళ్ళు. పొద్దున లేచేసరికి పిడికిలి మూసుకునేది కాదు. పెన్ను పట్టుకుంటే కణుపుల దగ్గర నిప్పు పెట్టినట్టుండేది. దీపావళి వెళ్ళాక సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక డాక్టర్‌కు చూపించుకున్నాను. కీళ్ళవాతం కావచ్చన్నాడు. వాపు తగ్గించే గోళీ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, పది రోజులు వేసుకుని రక్తపరీక్ష చేయించుకుని మళ్ళీ రమ్మన్నాడు.

మూడో రోజుకే వేళ్ళు తేలికపడ్డాయి. పదో రోజుకు నేను పూర్వపు మనిషినయ్యాను. బాగున్నవాడు డాక్టర్ దగ్గరికి మళ్ళీ ఎందుకు పోతాడు? నేనూ పోలేదు. మేడ్చల్ మెడికల్ షాపులో పాత చీటీ చూపిస్తే గోళీలు ఇచ్చేవారు. నవంబరు నుంచి మే దాకా ముప్పై ఎనిమిది పట్టీలు. ఒక్కో పట్టీకి పది.

ఈ గోళీలు ఎక్కువ రోజులు వాడితే లోపల చెడు చేస్తాయని నాకు తెలియదని కాదు. తెలుసు. తెలిసినందుకే లెక్క వేశాను.

దాణా పనిలో ఉన్నవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుసు. తవుడులో నూనె ఉంటుంది. గాలి తగిలిన కొద్దీ ఆ నూనె ముక్కిపోయి వాసన కొడుతుంది. ఇనుముకు తుప్పు పట్టినట్టే ఇదీ. దాన్ని ఆపడానికి యాంటీ ఆక్సిడెంట్ పొడి కలుపుతాం. ఎండలు ముదిరి కోళ్ళు నోళ్ళు తెరిచి రొప్పేటప్పుడు వాటి ఒంట్లోనూ ఇలాంటి తుప్పే పుడుతుందని సి విటమిన్, ఇ విటమిన్ పెంచుతాం. కోళ్ళు తట్టుకుంటాయి. నా కళ్ళతో చూసింది.

కాబట్టి నేను అనుకున్నది ఇది: నొప్పి గోళీ లోపల తుప్పు పుట్టిస్తుంది, విటమిన్ ఆ తుప్పును తీసేస్తుంది, కూడిక తీసివేత పోను మిగిలేది సున్న.

శివరాత్రి తర్వాత

నా నోటుబుక్కులో ఆ పేజీ ఇప్పటికీ ఉంది. కోడి బరువు కిలోన్నర. రోజుకు తినే దాణా నూట పది గ్రాములు. కిలో దాణాలో రెండు వందల మిల్లీగ్రాముల సి విటమిన్. అంటే కోడికి రోజుకు ఇరవై రెండు. కిలో బరువుకు పద్నాలుగు, పదిహేను మధ్య. నా బరువు డెబ్బై కిలోలు. దాదాపు ఒక గ్రాము. ఎండాకాలం కాబట్టి మిల్లులో చేసినట్టే రెట్టింపు. రెండు గ్రాములు, అంటే నాలుగు గోళీలు. ఇ విటమిన్ కూడా అదే పద్ధతిలో లెక్కించాను. గుణకారంలో ఎక్కడా తప్పు లేదు. ఇప్పటికి ఆరుసార్లు సరిచూశాను.

మిల్లులో యాదమ్మ అని ఒకామె ఉంది. బస్తాల మూతులు కుడుతుంది, దుమ్ము ఊడుస్తుంది. అరవై దాటింది. శామీర్‌పేట చెరువు మీద చేపలు పట్టే ఇంటామె. మోకాళ్ళ నొప్పితో గోడ పట్టుకుని లేచేది. నేను డబ్బాలోంచి గోళీలు తీసి వరసగా పెట్టుకోవడం చూసింది.

“ఏంది సారూ, బువ్వకు బదులు గోళీలే తింటున్నవా?”

“నొప్పికి రెండు, ఆ నొప్పిగోళీ కొట్టే దెబ్బకు అడ్డంగ నాలుగు. లెక్క కట్టి ఏసుకుంటున్న.”

“నాకు గుడ గట్లే లెక్క కట్టియ్యరాదు జెర. నీ లెక్క తిన్న కోళ్ళు మస్తు ఉషారుంటయంట గద.”

ఆమెను దాణా తూచే కాంటా మీద నిలబెట్టాను. నలభై నాలుగు కిలోలు. చీటీ రాసిచ్చాను. నొప్పి గోళీ రెండు పూటలా, సి విటమిన్ రెండున్నర. సగం గోళీ ఎట్లా అని అడిగింది. కత్తిపీట మీద కోసుకొమ్మన్నాను. నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు సాయంత్రం ఇంటికి పోతూ నాలో నేను పొంగిపోయాను కూడా.

మే నెల

ఆ ఎండల్లో మిల్లు రేకుల కింద పని. తవుడు దుమ్ములో నోరు తెరవబుద్ధి కాక నీళ్ళు తక్కువ తాగేవాణ్ణి. ఏప్రిల్ చివర్లో కడుపులో తిప్పడం మొదలైంది. మా ఆవిడ సరోజ ఏది వండినా ముక్కిన తవుడు వాసన వచ్చేది.

“నూనె మార్చినవా?” అన్నాను.

“నూనె గదే, నేను గదే. నీ ముక్కు మారింది” అంది.

చెప్పులు బిగుతయ్యాయి. సాక్సులు విప్పితే చీలమండల మీద గాడి పడి గంట దాకా పోయేది కాదు. మూత్రం రోజంతా కలిపి ఒక చిన్న లోటాడు కూడా రాలేదని గమనించినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. ఎందుకంటే అది కొలవగలిగిన సంగతి.

సుచిత్రలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. మొదటి రోజు క్రియాటినిన్ మూడు పాయింట్ ఆరు. డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, మెల్లగా మాట్లాడేది. ఏమేం మందులు వాడుతున్నానని అడిగింది. నొప్పి గోళీ సంగతి చెప్పాను. వెంటనే మానిపించింది.

విటమిన్ల సంగతి చెప్పలేదు. ఆమె అడిగింది మందుల గురించి, ఇవి మందులు కావు కదా అనేది నాకు నేను చెప్పుకున్న మాట. అసలు మాట వేరు. కోళ్ళ లెక్కతో వేసుకున్నానని చెప్పడానికి సిగ్గు.

అంతటితో ఆగినా బాగుండేది. గోళీల డబ్బా నా చొక్కా జేబులో ఉంది. ఇంతకన్నా ఒత్తిడి నా ఒంటికి ఎప్పుడు వస్తుంది, రక్షణ ఇప్పుడే కదా కావాలి అని లెక్క సవరించాను. నాలుగును ఆరు చేశాను. సరోజ టీ కోసం కిందికి పోయినప్పుడల్లా వేసుకునేవాణ్ణి.

రెండో రోజు నాలుగు పాయింట్ ఒకటి. మూడో రోజు నాలుగు పాయింట్ ఏడు.

“నొప్పి మాత్ర ఆపేశాం కదండీ, ఇంకా ఎందుకు పెరుగుతుందో అర్థం కావట్లేదు” అంది డాక్టరమ్మ. “ఎల్లుండికి కూడా ఇలాగే ఉంటే డయాలసిస్ పెట్టాలి. మనసు సిద్ధం చేసుకోండి.”

డయాలసిస్ గది మా వార్డు పక్కనే. ఆ గది ముందు వరసగా కుర్చీలు. వార్డులో పడుకోలేక అక్కడికి పోయి కూర్చున్నాను. దుండిగల్ దగ్గర షేర్ ఆటో నడిపే ఒకాయన తన వంతు కోసం ఎదురుచూస్తున్నాడు.

“అన్నా, గా కుర్సీ నాది. రెండేండ్ల సంది నాదే. అయినా కూసో, కొత్తోనివి” అన్నాడు.

వారానికి ఎన్నిసార్లు వస్తావని అడిగాను.

“మూడు దినాలు. పోయినప్పుడల్ల నాలుగు గంటలు.”

ఏడాదికి ఆరు వందల ఇరవై నాలుగు గంటలు. అడగకుండానే నా తల కట్టేసింది. ఇరవై ఆరు పగళ్ళు, ఇరవై ఆరు రాత్రులు. నా మొహంలో ఏం కనబడిందో ఏమో, ఆయన జేబులోంచి చిన్న పొట్లం తీసి ఒక లవంగం నా చేతిలో పెట్టాడు.

“నీళ్ళు కొలిచి ఇస్తున్నరు గద, దూప ఆగది. ఇది నాలిక కింద పెట్టుకో. పరేషాన్ గాకు. నువ్వింక లోపలికి పోలేదు గద.”

ఆ లవంగం ఘాటు నాకు ఇంకా గుర్తుంది. నెల రోజుల్లో తవుడు వాసన లేకుండా నా నోటికి తెలిసిన మొదటి రుచి అది.

మూడో రోజు మధ్యాహ్నం

నేను తిరిగి వార్డుకు వచ్చేసరికి సరోజ మంచం మీద కూర్చుని ఉంది. ఉతకడానికి తీసిన నా చొక్కా ఒళ్ళో ఉంది. పక్కన డబ్బా.

“ఇదేంది?”

“విటమిన్లే.”

“డాక్టరమ్మకు చెప్పినవా?”

తల అడ్డంగా ఊపాను. సరోజ లేచింది. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆమె తిట్టకుండా లేచిపోవడం అదే మొదలు. బస్సెక్కి మేడ్చల్ పోయి, రెండు గంటల్లో నా నోటుబుక్కు తెచ్చి, మా వార్డులోనే ఉన్న డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది.

“మేడం, ఈన నోరు ఇప్పడు. ఈ బుక్కు చెప్తది. సూడుండ్రి.”

డాక్టరమ్మ చదివింది. కనుబొమలు ముడిపడ్డాయి.

“బరువు కిలోన్నర... రోజుకి నూట పది గ్రాములు... ఇది ఎవరి కేసండీ?”

“కోడిది మేడం. ఈన లెక్క కింద ఉన్నది.”

ఆమెకు నవ్వు రాబోయి ఆగిపోయింది. పేజీ చివరిదాకా వేలు పెట్టి చదివింది. తర్వాత నా వైపు తిరిగి, కోప్పడకుండా, పిల్లవాడికి చెప్పినట్టు కాక తోటి ఉద్యోగికి చెప్పినట్టు చెప్పింది. నొప్పి గోళీ మూత్రపిండానికి పోయే రక్తాన్ని తగ్గిస్తుంది. ఎండలో నీళ్ళు తాగని మనిషికి ఇంకా తగ్గుతుంది. అట్లా నలిగిపోయిన మూత్రపిండంలోకి సి విటమిన్ కుప్పలుగా వస్తే దాని చెత్త ఇసకలా అక్కడే పేరుకోవచ్చు.

“మరి అది తుప్పు ఆపుతుంది గద మేడం?”

“కొంచెమైతే ఆపుతుందండీ. ఒళ్ళు బాగా దెబ్బతిని ఉన్నప్పుడు, మోతాదు మించితే, అదే తిరగబడి తుప్పు పెంచనూ వచ్చు. నొప్పి మాత్రతో కలిసినప్పుడు ఎటు తిరుగుతుందో మాకే పూర్తిగా తెలీదు. ఒకటి తీసేసి ఒకటి కలిపితే సున్నా వస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేరు.” మళ్ళీ నోటుబుక్కు చూసి, “మీ కోళ్ళని ఎన్నాళ్ళు ఉంచుతారు?” అంది.

“డెబ్బై రెండు వారాలు.”

“తర్వాత?”

“గుడ్లు తగ్గుతయి. కోతకు పోతయి.”

నా ఫార్ములా తిన్న ఏ కోడీ రెండో ఎండాకాలం తర్వాత బతికి లేదు. వాటి మూత్రపిండాలు ఏమయ్యాయో మిల్లులో ఎవరూ కోసి చూడలేదు. గుడ్లు లెక్కపెట్టి సంతోషించాం. ఆ సంతోషాన్నే నేను యాభై రెండేళ్ళ ఒంటికి పనికొస్తుందనుకున్నాను.

డాక్టరమ్మ పేజీ తిప్పింది.

“‘యాదమ్మ, నలభై నాలుగు కిలోలు.’ ఇదీ కోడేనా?”

మూడు రోజులుగా నా ప్రాణం గురించే ఆలోచించాను. యాదమ్మ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

మిల్లుకు ఫోన్ చేశాను. యాదమ్మ నాలుగు రోజులుగా పనికి రావడం లేదన్నారు. ఆమెకు ఫోన్ లేదు. నాకు లేచి పోవాలని ఉంది, చేతికి సూది ఉంది. సరోజ నా మొహం చూసి చీర కొంగు బిగించింది.

“ఊకో. నేను పోతున్న. నువ్వు పండినకాడికెల్లి లేవకు, ఇంకో లెక్క గట్టకు.”

సుచిత్ర నుంచి శామీర్‌పేట ఎంత దూరమో, ఎన్ని ఆటోలు మారాలో నాకు తెలుసు. అయిదు గంటలు గోడ గడియారం చూస్తూ పడుకున్నాను. నా క్రియాటినిన్ ఆ అయిదు గంటల్లో ఎంత ఉందో నేను పట్టించుకోలేదు. అరవై దాటిన మనిషి, నలభై నాలుగు కిలోలు, రోజుకు రెండు, రోజుకు రెండున్నర, ఎన్ని వారాలు? పన్నెండు. అంతవరకు కట్టి ఆపేశాను. ఆపై కట్టడానికి ధైర్యం లేదు.

సరోజ తిరిగి వచ్చి చెప్పింది. యాదమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉందట. కాళ్ళు ఉబ్బి ఉన్నాయట. గోళీలు మానమంటే ఎదురు తిరిగిందట.

“సారు రాసిచ్చిండు, నువ్వెవ్వరు ఆపనీకి?”

“నేను ఆయన పెండ్లాన్ని.”

“పెండ్లానివైతే కూర సంగతి చెప్పు, లెక్క సంగతి సారు చెప్తడు.”

“ఆ సారే ఆ లెక్క తిని ఆసుపత్రిల పడ్డడు!”

అప్పుడు యాదమ్మ కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన నా చీటీ తీసి చూసుకుని మళ్ళీ కట్టుకుందట. సరోజ ఆమెను ఆటో ఎక్కించి మేడ్చల్ తీసుకుపోయి పరీక్షకు రక్తం ఇప్పించి, ఆమె ఇంటికి చేరాక నా దగ్గరికి వచ్చింది.

మర్నాడు రెండు రిపోర్టులు వచ్చాయి. నాది నాలుగు పాయింట్ ఎనిమిది. యాదమ్మది ఒకటి పాయింట్ ఏడు. ముందు ఆమెది చదివాను. డాక్టరమ్మ చూసి, మొదట్లోనే పట్టుకున్నాం, మానేస్తే దిగుతుంది అంది. అప్పుడు నాది చదివాను.

ఆ తర్వాత

అయిదో రోజు కూడా నాలుగు పాయింట్ ఎనిమిదే. కానీ పెరగలేదు. డాక్టరమ్మ ఒక్క రోజు చూద్దామంది. ఆ ఒక్క రోజు నేను చేయగలిగినవి మూడే: వాళ్ళు కొలిచి ఇచ్చిన నీళ్ళు చుక్క మించకుండా తాగడం, మూత్రం కొలిచి రాయడం, ఇంకేదీ మింగకపోవడం. నా తెలివి నుంచి నన్ను కాపాడుకోవడమే ఆ రోజు పని. ఆరో రోజు నాలుగున్నర. తర్వాత నాలుగు. మూడు పాయింట్ నాలుగు. తొమ్మిదో రోజు రెండు పాయింట్ ఎనిమిదితో ఇంటికి పంపారు. ఆటో ఆయన తన కుర్చీలోంచే చేయి ఊపాడు. “మళ్ల రాకు అన్నా!”

ఇప్పుడు కీళ్ళకు వేరే మందు, వేరే డాక్టర్, నెలనెలా పరీక్ష. వేళ్ళ నొప్పి పోలేదు. పొద్దున పిడికిలి మూసుకోవడానికి నలభై నిమిషాలు పడుతుంది. వేడినీళ్ళలో చేతులు పెట్టుకుని ఆ నలభై నిమిషాలు కూర్చుంటాను. నొప్పి గోళీ అందుబాటులో లేక కాదు, వీధి చివర షాపులోనే ఉంది. పోను. మూత్రపిండాలు మునుపటిలా ఒకటికి దిగవు, ఇక్కడే నిలబెట్టుకోవాలన్నారు. నిలబెట్టుకుంటాను.

చదివేవాళ్ళలో ఎవరైనా పాత చీటీతో నొప్పి గోళీలు కొంటుంటే, వాటి చెడు పోతుందని పక్కన ఇంకేవో వేసుకుంటుంటే, ఆ రెండో డబ్బా కూడా డాక్టర్ బల్ల మీద పెట్టండి. సిగ్గుపడి నేను మూడు రోజులు పోగొట్టుకున్నాను.

మృగశిర కార్తె మొదలయ్యే మిరుగు నాడు యాదమ్మ మా ఇంటికి వచ్చింది. గిన్నెలో చెరువు చేపలు. ఆ రోజు చేప తినకుండా ఉండకూడదని మా వైపు అందరికీ పట్టింపు. రెండు చిన్న ముక్కలు తినవచ్చని డాక్టరమ్మ దగ్గర ముందే అడిగి పెట్టుకున్నాను. యాదమ్మ కాళ్ళ వాపు పోయింది. ఆమె అంకె ఒకటి పాయింట్ రెండుకు దిగింది. మోకాళ్ళు మాత్రం అట్లాగే ఉన్నాయి, గోడ పట్టుకునే కూర్చుంది.

నేను క్షమించమని అడగడానికి మాటలు కూడదీసుకుంటుంటే ఆమె కొంగు ముడి విప్పింది.

“ఇగో నీ చీటీ. పారేద్దామనుకున్న, గని అచ్చరాలు మంచిగున్నయి.”

తీసుకున్నాను. మడతల దగ్గర చినిగి ఉంది. నలభై నాలుగు అనే అంకె కింద నేను గీసిన గీత ఇంకా నల్లగా ఉంది.

“ఎనక ఖాళీ ఉంది సూడు. ఎండల పొద్దుకు ఎన్ని చెంబుల నీళ్ళు తాగాల్నో రాసియ్యి. గదే చెప్పిన్రు గద, నీళ్ళు తక్కువైనయని.”

నలభై నాలుగు కిలోలు, ఎండ, అరవై ఏళ్ళు. జవాబు నాలుక చివరకు వచ్చేసింది. పెన్ను కూడా జేబులో ఉంది.

“డాక్టరమ్మను అడిగి చెప్త యాదమ్మా” అన్నాను.

“గింత దానికి గుడనా?”

“గింత దానికి గుడ.”